ఏడో గొట్టం

ఆ ప్రయోగశాలలో మామయ్య మాటంటే కొలబద్ద. ఉద్యోగం చూస్తే టెక్నీషియనే, కానీ ఆయన గీసిన గీత మీద పెద్ద మేడం కూడా మరో గీత గీసేవారు కాదు. సరస్సు అడుగు నుంచి తీసుకొచ్చిన బురద గొట్టాలకు ఇరవై రెండేళ్లుగా తల్లీ తండ్రీ కాపలాదారూ అన్నీ ఆయనే. చదువుకునే పిల్లలు చాటుగా ‘బురద మామయ్య’ అనుకునేవారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆయనకు కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా. అందరికీ ఉత్తుత్తి మామయ్యే, ఒక్కరికి మాత్రం సొంత మేనమామ. ఆయన అక్క కూతురు ఆరేళ్లుగా అక్కడే పరిశోధన చేస్తోంది.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ పిల్ల చదువు అటో ఇటో తేలిపోతుంది. కమిటీ కూర్చుంటుంది. గడువు పొడిగిస్తే సరేసరి, లేదంటే పేరు కొట్టేస్తారు, ఆరేళ్లూ నీళ్లపాలే. ఇంత తంటా తెచ్చింది ఏడో గొట్టమే. అందులో ఉన్న తిరకాసు ఏమిటో లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ మామయ్యే. తెలిసి నాలుగు నెలలైంది. నోరు మెదపలేదు.

సంగతి చెప్పాలంటే ముందు బురద గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. సరస్సు అడుక్కి ఏటా ఒక పలచని పొర దిగుతుంది. వానలు బాగా పడిన కాలంలో నున్నటి బూడిదరంగు బురద, నీళ్లు తగ్గిన కాలంలో నత్తగుల్లలు, మరీ ఎండిపోతే ఇసుక. ఇలా వేల ఏళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. తెప్ప మీద నిలబడి, మీటరు పొడవు గొట్టాలను ఒకదాని తర్వాత ఒకటి లోతుకు దింపి, ఆ పొరలను చెదరకుండా పైకి లాగుతారు. తర్వాత గొట్టాన్ని నిలువునా చీల్చి, పొరలు చదివి, ఏ కాలంలో ఎంత వాన పడిందో, ఎప్పుడు కరువొచ్చిందో లెక్క కడతారు. పైనున్నది కొత్తది, కిందున్నది పాతది. చదువంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది.

అందుకే గొట్టం పైకి రాగానే తలవైపు ఎర్ర టోపీ, అడుగువైపు తెల్ల టోపీ బిగిస్తారు. పక్కన తలవైపుకు బాణం గీస్తారు. ఈ పని మామయ్య ఎవరినీ చెయ్యనివ్వడు.

ఆరేళ్ల కిందట ఆ సరస్సు మీద పది గొట్టాలు తీశారు. ఏడోది పైకి వచ్చే వేళకు గాలి లేచింది. తెప్ప ఊగి, ఎర్ర టోపీల సంచి కాస్తా నీళ్లలో పడి మునిగిపోయింది. మామయ్య కంగారు పడలేదు. రెండు చివర్లా తెల్ల టోపీలే బిగించి బాణం గీశాడు. ఒడ్డుకు చేరేసరికి తడి చేతులకు ఆ బాణం చెరిగిపోయింది. గుర్తు తెచ్చుకుని మళ్లీ గీశాడు. మిగతా మూడు గొట్టాలకు ఒడ్డున దొరికిన ఎర్ర టేపు చుట్టాడు. ఆ రోజు పని ఆగకుండా గట్టెక్కించింది ఆయనే. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఎర్ర టోపీల కథ చెప్పకుండా లేచేవాడు కాదు. మేనకోడలైతే పాతికసార్లు వినుంటుంది.

ఆ తర్వాత మేనకోడలికి చుక్కలు కనబడ్డాయి. ఏడో గొట్టం నుంచి ఆకు తునకలూ గింజలూ ఏరి వయసు కట్టడానికి పంపితే, పైనున్నవి ముసలివీ కిందున్నవి పిల్లవీ అని తేలింది. మళ్లీ పంపింది, అదే. మూడోసారీ అదే. "మేడం, గొట్టం తిరగబడి ఉండొచ్చా?" అని మొదటి ఏడాదే అడిగింది ఆ పిల్ల. పెద్ద మేడం నవ్వేశారు. "మీ మామయ్య పెట్టిన గొట్టమా?" అన్నారు. మామయ్యను పిలిచి అడిగారు కూడా. "నా చేత్తో బాణం గీశాను మేడం," అన్నాడాయన, గుండె మీద చెయ్యి వేసుకుని. అప్పటికి అది ఆయన నమ్మిన నిజమే. ఇక మేడం లెక్క తేలిపోయింది. గొట్టం తప్పు కాదు, మామయ్య తప్పు చెయ్యడు, అయితే తప్పు పిల్లదే. సంచులు కలిపేసిందో, చేతులు సరిగ్గా కడుక్కోలేదో.

నాలుగు నెలల కిందట గొట్టాలకు చుట్టిన ప్లాస్టిక్ పొరలు మార్చే పని పడింది. ఏడో గొట్టం చుట్టు విప్పి, పైన ఎండిన పొరను కత్తితో మెల్లగా గీకాడు మామయ్య. కింద చారలు బయటపడ్డాయి. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గొట్టం బురదలోకి దిగేటప్పుడు గోడకు రాసుకున్న బురద కాస్త కిందికి ఈడ్చుకుపోతుంది. అందుకని ప్రతి చారా అంచుల దగ్గర కిందికి వంగి, తెరిచిన గొడుగులా కనిపించాలి. మిగతా తొమ్మిది గొట్టాల్లోనూ గొడుగులే. ఏడో దాంట్లో చారలన్నీ గిన్నెల్లా ఉన్నాయి. చీల్చిన రోజున బురద నల్లటి ముద్దలా ఉండి చారలు తేలలేదు. తర్వాత మధ్యలోంచి చిన్న చిన్న ముక్కలు కోసి పిల్ల చేతికి ఇచ్చాడే తప్ప, అంచుల వంక ఆయనా చూడలేదు, గొట్టాలు దాచే చల్లగదిలోకి ఆ పిల్లనూ రానివ్వలేదు. ‘నా గది’ అనే పట్టింపు ఆయనకు ఒకటి ఉండేది. ఆ పట్టింపే కొంప ముంచింది.

రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు మేడం ఊళ్లో లేరు. ఆ పై వారం పిల్లకు జ్వరం. మూడు వారాలు గడిచాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారే అన్న భయం పట్టుకుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆలస్యానికే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మింగలేకా కక్కలేకా నాలుగు నెలలు గడిపాడు.

కమిటీ రోజున ఒంటిగంటన్నరకు మామయ్య చల్లగదిలోనే ఉన్నాడు. అందరూ భోజనాలకు వెళ్లారు. ఆయనకు అన్నం సయించలేదు. నాలుగు డిగ్రీల చలిలో, ఇనుప అరల మధ్య, చెయ్యడానికి ఏ పనీ లేకపోయినా చీటీలు సర్దుతున్నాడు. తలుపుకు లోపలి పిడి ఊడిపోయి మూడు వారాలైంది. బాగు చెయ్యమని రెండుసార్లు రాసిచ్చినా ఎవరూ రాలేదు. అందుకని లోపలికి వచ్చినప్పుడల్లా తలుపు సందులో ఒక చెక్క ముక్క పెట్టుకునేవాడు.

మేనకోడలు విసురుగా వచ్చింది. కాలికి తగిలిన చెక్క ముక్కను పక్కకు తన్ని, వెనకాలే తలుపు లాగేసింది. టక్కున పడింది తలుపు.

"చెక్క ముక్క!" అని అరిచాడు మామయ్య.

"ఏ చెక్క ముక్క?"

"తలుపుకి అడ్డంగా పెట్టింది. లోపల్నుంచి తెరుచుకోదే తల్లీ!"

"తలుపు మూసి ఉంచండి అని ఇంతింత అక్షరాలతో రాసి అంటించావు కదా?"

"అది బయటివాళ్లకి రాశాను!"

ఇద్దరూ తలుపు బాదారు. గోడకున్న ఆపద మీట నొక్కితే బయట గంట మోగింది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోగే గంటను ఎవరు పట్టించుకుంటారు? ఫోన్లు లోపలికి తేకూడదన్న నియమం కూడా మామయ్య పెట్టిందే. ఆయన ఫోను బల్ల మీద ఉంది, ఆ పిల్లది చార్జింగులో ఉంది. గాజుసామాను కడిగే ఆవిడ రెండున్నరకు వస్తుంది. అంతవరకూ దిక్కు లేదు. మామయ్య తన మందపాటి కోటు విప్పి మేనకోడలి భుజాల మీద కప్పాడు. ఆ పిల్ల వద్దనలేదు.

"అంటే ఇంకా యాభై నిమిషాలు," అంది గోడ గడియారం చూసి. "మంచిదే. నేను అందుకే వచ్చాను. ఏడో గొట్టం దింపు."

మామయ్య అరకు అడ్డంగా జరిగాడు. "ఇప్పుడెందుకమ్మా? వెళ్లాక కమిటీకి ఏం చెప్పాలో చూసుకో."

"ఏముంది చెప్పడానికి? నా చేతులు మురికివి, క్షమించండి అంటాను. కానీ మామయ్యా, ఆరేళ్లు దాని మీద బతికాను. మొత్తంగా ఒక్కసారి కూడా చూడలేదు. ముక్కలు ముక్కలుగా సంచుల్లో పెట్టి ఇచ్చావు. పేరు కొట్టేశాక నన్నీ గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఒక్కసారి చూసి పోతాను."

"చలికి చేతులు వణుకుతాయి. జారిపోతే..."

"నువ్వు దింపవా, నేను దింపనా?"

ఆ గొంతు అచ్చం అక్క గొంతే. చిన్నప్పుడు ఆ గొంతు వింటే మామయ్య దాచిన వస్తువు తెచ్చి ఇచ్చేసేవాడు. ఇప్పుడు మాత్రం ఆ అర వైపు చెయ్యి చాపలేదు. ఆ గది ఎనిమిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. ఆయన ఎటు నడిచినా ఏడో గొట్టం నాలుగడుగుల దూరంలోనే ఉంది. అన్నేళ్లు తన సొంతమనుకున్న గది ఇంత ఇరుకని ఆయనకు అప్పుడే తెలిసింది.

మేనకోడలే స్టూలు ఎక్కింది. ఆరోదీ, ఏడోదీ, ఎనిమిదోదీ దింపి, తలలన్నీ ఎడమకు వచ్చేలా బల్ల మీద వరసగా పేర్చింది. ఆరో గొట్టం చుట్టు విప్పింది. "ఎంత బాగుంది మామయ్యా," అంది. ఎనిమిదోది విప్పింది. చివరకు ఏడోదాని ప్లాస్టిక్ పొర తీసి, వంగి చూసింది.

మామయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈ గడియను ఆయన ఎన్నోసార్లు మనసులో నాటకంలా ఆడి చూసుకున్నాడు. "అరెరె, ఇదేమిటి!" అని తెల్లబోవాలి. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూడాలి. అద్దం ముందు ఆ మొహం పెట్టి కూడా చూసుకున్నాడు.

మేనకోడలు ఆరో గొట్టం చూసింది. ఎనిమిదోది చూసింది. మళ్లీ ఏడోది చూసింది. గొడుగు, గిన్నె, గొడుగు. పక్కన రెండు తెల్ల టోపీలు. పాతికసార్లు విన్న ఎర్ర టోపీల కథ.

"తిరగబడి ఉంది," అంది మెల్లగా.

"ఊఁ," అన్నాడు మామయ్య.

నోట్లోంచి వచ్చింది ఆ ఒక్క ‘ఊఁ’. తెల్లబోవడం గుర్తే రాలేదు. ఆ పిల్ల తల తిప్పి ఆయన వంక చూసింది. తర్వాత చేతిలో ఉన్న ప్లాస్టిక్ పొర వంక చూసింది. దాని మీద చీటీ ఉంది. ‘చుట్టు మార్చిన తేదీ’ అని, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో మామయ్య రాసిన తేదీ. ఏ పని చేసినా తేదీ వెయ్యకుండా వదిలే మనిషి కాదాయన.

"నాలుగు నెలలు," అంది.

"చెబుదామనే అనుకున్నాను తల్లీ. ప్రతిరోజూ అనుకున్నాను."

"పోయిన నెల మేడం అందరి ముందూ నన్ను కడిగేశారు. ఈ చేతులతో పరిశోధన పనికిరాదన్నారు. నువ్వు పక్కనే ఉన్నావు. సంచుల మీద నంబర్లు రాస్తున్నావు."

"ఉన్నాను."

"ఇంటికెళ్లి చేతులు తోముకున్నాను మామయ్యా. గిన్నెలు తోమినట్టు తోముకున్నాను. తోలు లేచిపోయింది. మూడు రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. ఆ వేళ నువ్వే కదా మందు తెచ్చి రాశావు?"

మామయ్యకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. సిగ్గేసింది. చిన్న పిల్లాడు తప్పు చేసి పడే సిగ్గు కాదు, యాభై ఎనిమిదేళ్ల మనిషి తనను తాను మొదటిసారి చూసుకుని పడే సిగ్గు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. ఆ మాట ఎంత చిన్నదో ఆయనకే తెలిసింది. తలుపు వైపు చూశాడు. తలుపు పలకలేదు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ఏడో గొట్టాన్ని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని అటు చివర ఇటు తిప్పి పెట్టింది. మళ్లీ వంగింది. అడుగు నుంచి వేలు గాలిలో కదుపుతూ చదువుకుంటూ వచ్చింది. నున్నటి బురద, అందులో ఒకటీ అరా గుల్లలు, తర్వాత గుల్లలు ఎక్కువై, ఇసుక కలిసి, చివరకు అంతా ఇసుకే. దాని మీద ఉన్నట్టుండి మళ్లీ బురద. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఆమె మొహం వెలిగిపోయింది.

"చూశావా! ఒక్కసారిగా ఎండిపోయిందనుకున్నాం కదా? కాదు. ఏటా కొంచెం, ఏటా కొంచెం. రెండొందల ఏళ్లు పట్టింది. ఒడ్డున ఎవరైనా ఉంటే వాళ్లకి తెలిసుండదు కూడా. వచ్చే ఏడు నిండుతుందిలే అనుకుంటూ కూర్చుని ఉంటారు. చూడు మామయ్యా, ఇక్కడ..."

అంతలో ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది. మొహం మూసుకుపోయింది. మామయ్యకు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కోటు మేనకోడలి మీదే ఉంది. ఆయన అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

రెండు నలభైకి గాజుసామాను కడిగే ఆవిడ తలుపు తెరిచింది. "అయ్యో అయ్యో, ఎంతసేపయిందండీ? గంట మోగుతుంటే మామూలేలే అనుకున్నా!" అని నోరు నొక్కుకుంది. వెచ్చటి గాలి లోపలికి వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది, మామయ్యకు అడుగు పడలేదు.

"గొట్టం నువ్వే మొయ్యి," అంది మేనకోడలు. "నేను ముట్టుకుంటే నేనే తారుమారు చేశానంటారు."

తీసిన ప్లాస్టిక్ పొరను మడిచి కోటు జేబులో పెట్టుకుంది. మామయ్య చూశాడు.

కమిటీ గదిలో నలుగురున్నారు. పెద్ద మేడం మధ్యలో కూర్చున్నారు. మామయ్య ఏడో గొట్టాన్ని బల్ల మీద దించి, "తలా అడుగూ తారుమారయ్యాయి మేడం," అన్నాడు. మేడం కళ్లద్దాలు పెట్టుకుని అంచులు చూశారు. చూడగానే అర్థమైపోయింది ఆవిడకి. కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"తిప్పి పెట్టిందెవరు?"

"నేనే. తెప్ప మీద ఆ రోజు. రెండోసారి గీసిన బాణం తప్పు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

మామయ్య చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఆ మాట మాత్రం ఆయన పక్షాన చెప్పుకోవాలి.

"ఇవాళే మేడం," అంది మేనకోడలు. "ఇందాక చల్లగదిలో ఇరుక్కుపోయాం. ఊరికే ఉండలేక గొట్టాలు విప్పి ఇద్దరం కలిసి చూశాం."

"కాదు మేడం, అది..."

"మామయ్యకి చలికి గొంతు పట్టేసింది. గంటసేపు కోటు లేకుండా ఉన్నారు," అంది ఆ పిల్ల, ఆయన వైపు చూడకుండా.

పెద్ద మేడం లేచి వచ్చి మామయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఇరవై రెండేళ్లలో ఒక్క పొరపాటు. దాన్ని కూడా చూసిన గంటలో మోసుకొచ్చి మా ముందు పెట్టారు. ఎంతమందికి ఉంటుంది ఆ గుండె?" అన్నారు. తర్వాత మేనకోడలి వైపు తిరిగి, "నిన్ను చాలా మాటలన్నాను, ఏమీ అనుకోకు," అన్నారు. పది నిమిషాల్లో ఏడాది గడువు రాసిచ్చారు. కమిటీలో ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఆ చప్పట్లు ఎవరికో మామయ్యకు అర్థం కాలేదు.

ప్రయోగశాలలో ఇద్దరే ఉన్నప్పుడు అడిగాడు. "ఎందుకలా చెప్పావు తల్లీ?"

"నీ కోసం కాదు." కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "నాన్న పోయాక అమ్మకి మిగిలిన ధైర్యం నువ్వొక్కడివే. వారానికోసారి అడుగుతుంది, మామయ్య ఉన్నాడుగా, చూసుకుంటాడుగా అని. ఆ నాలుగు నెలల సంగతి అమ్మకి ఎలా చెప్పను? చెబితే, నా చదువు ఆగిపోయినా పడనంత బాధ పడుతుంది. కాబట్టి నువ్వూ చెప్పవు. మేడంకీ చెప్పవు, అమ్మకీ చెప్పవు. ఎప్పటికీ."

జేబులోంచి మడిచిన ప్లాస్టిక్ పొర తీసి ఆయన ముందు పెట్టింది. అంతలో బల్ల మీద చార్జింగులో ఉన్న ఆమె ఫోను మోగింది. తీసి, "ఇచ్చారమ్మా, ఏడాది ఇచ్చారు. గొట్టంలో తప్పు మామయ్యే కనిపెట్టాడు," అంది. అవతలి నుంచి ఏడుపూ నవ్వూ కలిసి వినబడ్డాయి. కాసేపు విని, "ఊఁ, ఇక్కడే ఉన్నాడు," అని ఫోను మామయ్య చేతికిచ్చింది. ఇచ్చి వెళ్లిపోలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది అక్క. "నువ్వే గొట్టం తప్పు కనిపెట్టావటగా? నాకు తెలుసురా. అది ఊరికే కంగారు పడిపోయేది, నేను చెబుతూనే ఉన్నా, మామయ్య ఉండగా నీకేం భయమే అని. నువ్వు లేకపోతే ఏమైపోయేదిరా నా పిల్ల?"

మామయ్య చేతిలో ప్లాస్టిక్ పొర ఉంది. దాని మీద తేదీ స్పష్టంగా ఉంది. మేనకోడలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"వింటున్నావా? మాట్లాడవేంరా?"

"వింటున్నానక్కా," అన్నాడు మామయ్య.